ఇరవై ఏళ్ల ప్రణాళికలో కనపడని పద్దు

అమెరికాలో ప్రతి రాష్ట్రమూ తన రవాణా వ్యవస్థకి ఒక దీర్ఘకాలిక ప్రణాళిక రాసుకోవాలి. 1991లో వచ్చిన ఫెడరల్ చట్టం ఈ బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఆ ప్రణాళిక కనీసం 20 ఏళ్ల ముందుకు చూడాలి. రోడ్లు, వంతెనలు, బస్సులు, రైళ్లు, సరుకు రవాణా, సైకిల్ దారులు, నడిచేవాళ్ల దారులు అన్నిటినీ కలిపి ఆలోచించాలి, జనాన్ని అడగాలి. ఇలాంటి ప్రణాళికలంటే నాకు ఆసక్తి, దొరికినవన్నీ చదువుతాను. వాటిని రాసే ఇంజినీర్లు, ప్లానర్లు చాలామంది నిజాయితీగా కష్టపడేవాళ్లే. అయినా చదివిన ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతాను. కొత్తగా ఏం కడతారో ఉంటుంది, ఎందుకు కడతారో ఉంటుంది. కట్టినదాన్ని తర్వాత యాభై ఏళ్ల పాటు ఏ డబ్బుతో నిలబెడతారో మాత్రం కనపడదు. ఒకవేళ ఉన్నా, వేరే విభాగం వేరే సంవత్సరంలో రాసిన ఇంకో డాక్యుమెంట్‌లో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక మామూలు పౌరుడికి ఎక్కడుంటుంది?

నేను అడిగేది ఇది. ఒక కొత్త రోడ్డు గానీ, వంతెన గానీ, రైలు మార్గం గానీ రాష్ట్ర ప్రణాళికలోకి ఎక్కాలంటే దాని కట్టుబడి ఖర్చుతో పాటు, అది పనిచేసినంత కాలం దాన్ని బాగు చేసుకుంటూ ఉండే ఖర్చు కూడా అదే పేజీలో ఉండాలి. ఆ డబ్బు ఏ పన్ను నుంచి, ఏ నిధి నుంచి వస్తుందో పేరు పెట్టి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ ప్రాజెక్టు ఆ పేజీలో ఉండకూడదు.

ఇది కొత్త కోరికలా అనిపించవచ్చు గానీ దీని సగం రూపం ఇప్పటికే చట్టంలో ఉంది. ప్రతి రాష్ట్రం రాబోయే నాలుగేళ్లలో చేపట్టే పనుల జాబితా ఒకటి తయారు చేయాలి. ఆ జాబితాలో ఉన్న ప్రతి పనికీ డబ్బు ఎక్కడిదో చూపించాలి, ఊహాజనితమైన ఆదాయం రాసుకోవడానికి వీల్లేదు. యాభై వేల జనాభా దాటిన పట్టణ ప్రాంతాలకు విడిగా ప్రణాళికా సంస్థలుంటాయి. వాటి 20 ఏళ్ల ప్రణాళికలు కూడా వచ్చే ఆదాయానికి లోబడే ఉండాలి. రాష్ట్రం మొత్తానికి రాసే దీర్ఘకాలిక ప్రణాళిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆర్థిక ప్రణాళిక 'ఉండవచ్చు' అని వదిలేశారు. ఉండాలి అనలేదు. ఎన్నేళ్లకోసారి కొత్తగా రాయాలో కూడా గట్టిగా చెప్పలేదు. అంటే అన్నిటికన్నా పెద్ద ప్రణాళికకే, అన్నిటికన్నా దూరం చూడాల్సిన దానికే లెక్క అప్పజెప్పాల్సిన పని లేకుండా పోయింది. అలాంటప్పుడు అది రాష్ట్రంలో ఎవరికి ఏం కావాలో రాసిపెట్టుకున్న పట్టికగా మారిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చూస్తే 1956 దాకా వెళ్లాలి. ఆ ఏడాది జూన్ 29న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ రహదారుల నిర్మాణానికి దారి పడింది. కట్టుబడి ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వానిది, మిగిలిన పది శాతం రాష్ట్రానిది. కట్టాక దాని బాగోగులు మాత్రం పూర్తిగా రాష్ట్రమే చూసుకోవాలి. ఆ రోజు ఒక రాష్ట్ర శాసనసభ్యుడి కుర్చీలో కూర్చుని ఆలోచించండి. కొత్త రహదారి మీద పది సెంట్లు పెడితే డాలరు విలువైన రోడ్డు వస్తుంది. పాత రోడ్డుకి డాలరు విలువైన మరమ్మతు చేయాలంటే డాలరూ మన జేబులోంచే పోతుంది. ఎవరైనా ఏది ఎంచుకుంటారు? ఇంటర్‌స్టేట్‌ల మీద మళ్లీ తారు పరచడానికీ, పాడైనవి పునరుద్ధరించడానికీ ఫెడరల్ డబ్బు వాడుకోవచ్చని చట్టం మారడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది. మొదట వేసిన రోడ్లు అప్పటికే ముసలివైపోయాయి.

ఇప్పుడు పరిస్థితి కొంత నయం. ముందు జాగ్రత్తగా చేసే మరమ్మతులకి ఫెడరల్ డబ్బు వస్తుంది. గుంతలు పూడ్చడం, డ్రెయిన్లు శుభ్రం చేయడం, మంచు తొలగించడం లాంటి రోజువారీ పనులకి మాత్రం సాధారణంగా రాదు. ఆ చిన్న పద్దులే బడ్జెట్ బిగిసినప్పుడు ముందుగా కోతకి గురవుతాయి. వాటికి శంకుస్థాపన ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు, ఫొటో ఉండదు. డ్రెయిన్‌లో చెత్త తీయించినందుకు ఎన్నికల్లో గెలిచిన గవర్నర్ పేరు నేనెప్పుడూ వినలేదు.

చిన్న పద్దు అన్నాను కదా, అది ఎంత పెద్దదవుతుందో పిట్స్‌బర్గ్ చెబుతుంది. అక్కడి ఫెర్న్ హాలో వంతెన 2022 జనవరి 28న తెల్లవారకముందే కూలిపోయింది. మీద ఉన్న బస్సూ, కార్లూ దానితో పాటే కిందికి వెళ్లాయి. ప్రాణాలు పోకపోవడం అదృష్టం. అదే రోజు అధ్యక్షుడు బైడెన్ మౌలిక వసతుల గురించి మాట్లాడటానికి ఆ ఊరికే వస్తున్నారు. జాతీయ రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలింది ఏమిటంటే, డ్రెయిన్లు మూసుకుపోయి నీళ్లూ మట్టీ వంతెన కాళ్ల దగ్గర నిలిచాయి, తుప్పు ఉక్కుని తినేసుకుంటూ పోయింది. తనిఖీ చేసినవాళ్లు ఏళ్ల తరబడి రిపోర్టుల్లో ఇది రాస్తూనే ఉన్నారు. 2011 నుంచీ ఆ వంతెన 'పూర్' (స్థితి బాగోలేదు) రేటింగ్‌లోనే ఉంది. ఆ వంతెన నగరపాలక సంస్థది, రాష్ట్రానిది కాదు, కానీ జరిగిన తీరు ఎక్కడైనా ఇంతే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. కొత్త వంతెనకి సుమారు 2.5 కోట్ల డాలర్లు అయింది. ఏడాది తిరగకుండానే కట్టేశారు. పడిపోయాక డబ్బు ఎంత వేగంగా దొరుకుతుందో చూస్తే బాధేస్తుంది.

తనిఖీ వ్యవస్థ కూడా ఇలాగే పుట్టింది. 1967 డిసెంబర్ 15న వెస్ట్ వర్జీనియా, ఒహాయో రాష్ట్రాల మధ్య ఒహాయో నది మీద ఉన్న సిల్వర్ బ్రిడ్జి సాయంత్రం రద్దీలో కూలి 46 మంది చనిపోయారు. గొలుసులా వేలాడదీసిన ఉక్కు కడ్డీల్లో ఒకదానికి వచ్చిన చిన్న పగులు అందుకు కారణం. దాని తర్వాతే వంతెనల తనిఖీకి దేశమంతటికీ వర్తించే ప్రమాణాలు 1971లో వచ్చాయి. సాధారణంగా రెండేళ్లకోసారి ప్రతి వంతెననీ చూడాలన్న నియమం అప్పటిది.

మినియాపొలిస్ సంగతి ఎత్తకుండా ఈ విషయం మాట్లాడలేం, కానీ దాన్ని జాగ్రత్తగా చెప్పాలి. 2007 ఆగస్టు 1న అక్కడ మిసిసిపీ నది మీదున్న ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు. మరమ్మతులు చేయకపోవడం వల్లే కూలిందని చాలామంది ఇప్పటికీ రాస్తుంటారు. విచారణ చెప్పింది అది కాదు. 1960ల్లో డిజైన్ చేసినప్పుడే ఉక్కు దూలాలని కలిపే గస్సెట్ ప్లేట్లు కొన్ని ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయి. తర్వాతి దశాబ్దాల్లో పైన కాంక్రీటు పొర వేసి, అంచు గోడలు మార్చి బరువు పెంచారు. ఆ రోజు మరమ్మతు సామగ్రి కూడా వంతెన మీదే కుప్పలు పోసి ఉంది. నా వాదనకి ఇది అనుకూలంగా లేదని దాచిపెట్టడం నాకిష్టం లేదు. పైగా ఇందులో నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. కట్టినదాన్ని కాపాడటం అంటే రంగులు వేయడం, గుంతలు పూడ్చడం మాత్రమే అనుకోకూడదు. బరువు మారిన ప్రతిసారీ మూల డిజైన్ లెక్కలు తీసి మళ్లీ చూడటం కూడా అందులో భాగమే. దానికీ మనుషులు కావాలి, జీతాలు కావాలి.

ఆ ప్రమాదం తర్వాత మినెసోటా శాసనసభ చేసిన పని నాకు గౌరవం కలిగిస్తుంది. 2008 ఫిబ్రవరిలో గవర్నర్ టిమ్ పాలెంటీ వీటోని తోసిపుచ్చి గ్యాస్ ట్యాక్స్, అంటే పెట్రోలు మీద పన్ను, పెంచింది. బలహీనంగా ఉన్న వంతెనలని పదేళ్లలో బాగు చేయాలని అదే చట్టంలో రాసింది. గవర్నర్ సొంత పార్టీ వాళ్లు కొందరు ఆ రోజు ఆయనకి వ్యతిరేకంగా ఓటేశారు. పని, గడువు, డబ్బు మూడూ ఒకే కాగితం మీద పెట్టారు. నేను అడుగుతున్నది ఈ పద్ధతే, ప్రమాదం జరగకముందు.

డబ్బు సంగతికి వస్తే, రోడ్ల కోసం పెట్రోలు మీద పన్ను వేసే తొలి ఆలోచన ఒరెగాన్ రాష్ట్రానిది. 1919లో గ్యాలన్‌కి ఒక సెంటు పన్ను పెట్టింది. ఎవరు ఎక్కువ తిరుగుతారో వాళ్లు ఎక్కువ కడతారు, చాలా సులువైన సూత్రం. దశాబ్దాల పాటు పనిచేసింది. ఫెడరల్ గ్యాస్ ట్యాక్స్ మాత్రం 1993లో 18.4 సెంట్ల దగ్గర ఆగిపోయింది, ఇప్పటికీ అంతే. ధరలతో పాటు పెరిగే ఏర్పాటు దానికి లేదు. ఈలోగా తారు, సిమెంటు, ఉక్కు, కూలీ అన్నీ పెరిగాయి, బండ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం వెళుతున్నాయి, కరెంటు కార్లు ఆ పన్నే కట్టవు. 2008 నుంచి రహదారుల నిధిని నిలబెట్టడానికి సాధారణ ఖజానా నుంచి డబ్బు మళ్లిస్తూ వస్తున్నారు. ఒరెగాన్ మళ్లీ ముందుగానే మేల్కొని, తిరిగిన మైళ్లని బట్టి రుసుము కట్టే స్వచ్ఛంద పథకాన్ని 2015లో మొదలుపెట్టింది. ప్రయత్నం మంచిదే, కానీ ఇలాంటివి ఇంకా చాలా చిన్న స్థాయిలోనే నడుస్తున్నాయి. ఆదాయం ఇలా కుంగుతున్న చోట ఆస్తి పెంచుకుంటూ పోవడం అంటే, రాబోయే తరం పేరు మీద అప్పు రాయడమే. బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు కనీసం పుస్తకాల్లో కనపడుతుంది. వాయిదా వేసిన మరమ్మతు ఏ పుస్తకంలోనూ కనపడదు.

రోడ్డు ఎలా పాడవుతుందో తెలిస్తే వాయిదా ఎందుకు ఇంత ఖరీదో అర్థమవుతుంది. తారు రోడ్డు మొదటి కొన్నేళ్లు పెద్దగా మారదు. పైపైన సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలోంచి నీళ్లు దిగి కింది కంకర పొరని మెత్తబరుస్తాయి. పునాది పట్టు తప్పాక పైన రోడ్డు చాలా త్వరగా ముక్కలవుతుంది. పగుళ్లు పూడ్చడం, పల్చటి పొర వేయడం లాంటి పనులు పునాది గట్టిగా ఉన్నప్పుడే ఉపయోగపడతాయి. పునాది పోయాక మొత్తం తవ్వి మళ్లీ కట్టాల్సిందే, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చు. దీన్నిబట్టి ఇంజినీర్లు ఒక వింతగా కనిపించే నిర్ణయానికి వస్తారు. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అన్నిటికన్నా పాడైన రోడ్డుని పక్కన పెట్టి, ఇంకా బాగున్న రోడ్డుకి ముందు పూత వేస్తారు. "బాగున్న రోడ్డు మీద మళ్లీ తారు పోస్తున్నారేంటి, మా వీధి చూడండి" అని జనం మండిపడతారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఇంజినీర్లదే సరైన లెక్క. ఎందుకు సరైనదో ఎవరూ జనానికి కూర్చోబెట్టి చెప్పరు. ఆ సంభాషణ జరగాల్సిన చోటు దీర్ఘకాలిక ప్రణాళికే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1950ల చివర ఇల్లినాయిలోని ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద నెలల తరబడి లారీలు తిప్పి పెద్ద ప్రయోగం చేశారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు ఆ బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అందులో తేలింది. అంటే బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లు. రోడ్డుని తినేది ముఖ్యంగా బరువైన లారీలు. సరుకు రవాణా పెరుగుతుందని ఒక అధ్యాయంలో సంతోషంగా రాసి, దానివల్ల తారు మీద పడే భారాన్ని ఇంకో అధ్యాయంలో రాయకపోతే ఆ ప్రణాళిక సగమే చెప్పినట్టు.

కొత్త లేన్ల గురించి. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి సుమారు 280 కోట్ల డాలర్లతో విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లు. కొన్నేళ్లు హాయిగా సాగింది, తర్వాత రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. డ్యూరాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికన్ నగరాల లెక్కలు తీసి, పెద్ద రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంత శాతం పెరుగుతోందని చూపించారు. రద్దీ తిరిగి వస్తుంది, లేన్లు మాత్రం మన పద్దులో ఉండిపోతాయి. వాటి మీద మళ్లీ తారు వేయాలి, చారలు గీయాలి, మంచు పడే చోట మంచు తీయాలి.

ఊళ్లు పెరుగుతుంటే కొత్త రోడ్లు వద్దంటావా అని అడిగేవాళ్లకి నా జవాబు: వద్దనను. జనాభా వేగంగా పెరిగే చోట కొత్త దారులు కావాలి, బస్సులూ రైళ్లూ ఇంకా కావాలి. రైలు మార్గానికీ ఇదే నియమం పెట్టమంటున్నాను, నాకు రైళ్లంటే ఎంత ఇష్టమైనా సరే. పట్టాలు, సిగ్నళ్లు, డ్రైవర్ల జీతాలు దశాబ్దాల ఖర్చు. బోస్టన్‌లో బిగ్ డిగ్ అనే రహదారి సొరంగాలకి 1980ల మొదట్లో వేసిన అంచనా 280 కోట్ల డాలర్లు, చివరికి సుమారు 1,460 కోట్లు దాటింది. ఆ సొరంగాలు నగరానికి మేలు చేశాయనే నా నమ్మకం. అయినా మొదటి అంకె అంత తప్పినప్పుడు, ఆ తర్వాతి యాభై ఏళ్ల అంకెని అసలు రాయకుండా వదిలేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

దీన్ని పైనుంచి చెప్పించే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2021 నవంబర్‌లో 1.2 లక్షల కోట్ల డాలర్ల మౌలిక వసతుల చట్టం వచ్చింది. మరుసటి నెలే ఫెడరల్ హైవే విభాగం ఒక మెమో రాసి, కొత్తవి విస్తరించే ముందు ఉన్నవి బాగు చేసుకోమని రాష్ట్రాలని ప్రోత్సహించింది. ఆదేశం కూడా కాదు, సలహా. సెనేట్‌లో పెద్ద వ్యతిరేకత వచ్చింది, డబ్బు ఎలా వాడుకోవాలో రాష్ట్రాల ఇష్టమన్నారు. 2023 ఫిబ్రవరిలో ఆ మెమోని తీసేసి ఇంకోటి పెట్టారు. రాష్ట్రాల హక్కు అనే మాటలో బలముంది, నేను కాదనను. అందుకే ఈ నియమం వాషింగ్టన్ నుంచి రావడం కన్నా రాష్ట్ర శాసనసభల్లోనే పుడితే ఎక్కువ కాలం నిలుస్తుందని నా అభిప్రాయం.

ఇంకాస్త కష్టమైన మాట: కొన్నిటిని వదులుకోవాలి కూడా. 2015లో అయోవా రవాణా శాఖ డైరెక్టర్ పాల్ ట్రాంబినో, రాష్ట్ర రోడ్ల వ్యవస్థ కుంచించుకుపోక తప్పదని బహిరంగంగా చెప్పారు. ఉన్నవన్నీ నిలబెట్టుకునే స్థోమత లేనప్పుడు ఏవి ఉంచుకోవాలో మనమే ఎంచుకోవడం మేలన్నది ఆయన ఉద్దేశం. పాడైన వంతెనల సంఖ్యలో ఏళ్లుగా దేశంలో ముందు వరసలో ఉండే రాష్ట్రం నుంచి వచ్చిన మాట అది. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే ప్రతి వంతెన అవతలా ఒక పొలమో ఒక కుటుంబమో ఉంటుంది. వాళ్లతో ముందుగా మాట్లాడి, చుట్టుదారి ఎంతవుతుందో, అంబులెన్స్ ఎలా వస్తుందో తేల్చి మూసేయడం ఒక పద్ధతి. ఒక రోజు బోర్డు పెట్టి బరువు పరిమితి తగ్గించి, మరో రోజు అడ్డుకట్ట వేసేయడం ఇంకో పద్ధతి. ప్రణాళిక లేనిచోట జరిగేది రెండోదే. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరం తన లోపలి రింగ్ రోడ్డులో తూర్పు భాగాన్ని 2017 నాటికి పూడ్చేసి మామూలు వీధిగా మార్చింది. పల్లపు రహదారి ఉన్నచోట ఇప్పుడు ఇళ్లున్నాయి. తగ్గించుకోవడం కూడా పెట్టుబడే అనడానికి అది చాలు.

ప్రణాళిక తయారీలో జనాన్ని పిలిచే సమావేశాల్లో గోడ మీద పెద్ద మ్యాప్ పెట్టి, మీకు ఏది ఎక్కడ కావాలో స్టిక్కర్ అంటించమంటారు. సరదాగానే ఉంటుంది. అలాంటి ఒకచోట, కొత్త ఇంటర్‌ఛేంజ్ బొమ్మ ముందు నిలబడి, దీన్ని నడపడానికి ఏటా ఎంతవుతుందని అడిగాను. అది మెయింటెనెన్స్ వాళ్లు చూసుకుంటారన్నారు. చెప్పినావిడ తప్పేం లేదు, ఆవిడ చేతికిచ్చిన కాగితంలో ఆ అంకె లేదు. స్టిక్కర్లతో పాటు ఒక్కొక్కరికీ పరిమితమైన డబ్బు గుర్తులు ఇచ్చి, పాత వంతెన మీద పెడతారా కొత్త లేన్ మీద పెడతారా అని అడిగితే జనం చాలా తెలివిగా ఎంచుకుంటారని నా నమ్మకం.

చేతికందే దూరంలో ఉన్న నమూనా వర్జీనియాది. 2014లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసి ప్రాజెక్టులకి మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. స్మార్ట్ స్కేల్ అంటారు. భద్రత, రద్దీ, ఉద్యోగాలకి చేరువ, ఆర్థికాభివృద్ధి, పర్యావరణం, భూమి వాడకం లాంటివి లెక్కగట్టి, వచ్చిన ప్రయోజనాన్ని రాష్ట్రం నుంచి అడిగిన డబ్బుతో భాగిస్తారు. మార్కులన్నీ బయట పెడతారు. పాత వంతెనలు, రోడ్ల మరమ్మతుకి విడిగా ఇంకో నిధి ఉంది. ఎవరి సిఫార్సు ఎంత బలమైనదన్న దాన్ని బట్టి పంచడం కన్నా ఇది ఎంతో మెరుగు. దీనికి నేను చేర్చమనేది ఒక్క మార్పు. భాగహారంలో కింద ఇప్పుడు కట్టడానికి అడిగిన డబ్బే ఉంటుంది. అక్కడ నలభై ఏళ్ల నిర్వహణ ఖర్చు కూడా కలపాలి. అలా కలిపితే పొలాల మీదుగా వేసే వెడల్పాటి బైపాస్‌లు జాబితాలో కొంచెం కిందికి దిగుతాయి. కూడలి దగ్గర కుదించిన మలుపులు, బస్సుకి ప్రత్యేక లేన్, సిగ్నళ్ల సర్దుబాటు లాంటి చిన్న పనులు పైకి వస్తాయి. ఈ లెక్క వేయడానికి కావలసిన వివరాల్లో చాలా భాగం రాష్ట్రాల దగ్గర ఇప్పటికే ఉంది. జాతీయ రహదారుల వ్యవస్థలో భాగమైన రోడ్లు, వంతెనల స్థితి మీద ఆస్తుల నిర్వహణ ప్రణాళిక రాయాలని 2012 చట్టం వాళ్లని ఎప్పుడో కట్టడి చేసింది. పదేళ్లకి ఎంత కావాలో అందులో లెక్క వేసే ఉంటుంది. ఆ అంకెని తెచ్చి ఇరవై ఏళ్ల ప్రణాళిక మొదటి పేజీలో వేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, రవాణా శాఖ కార్యదర్శి తలుచుకుంటే వచ్చే ముసాయిదాలోనే వేయవచ్చు.